మామగారి పేరున్న మాత్ర

మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని కూర్చున్నాను. రక్తం ఎప్పుడో ఆగిపోయింది, అయినా పట్టుకునే ఉన్నాను, ఎందుకంటే చెయ్యి ఖాళీగా కనిపిస్తే పక్కనున్న కలిచా అక్క అందులో ఏదో ఒకటి పెడుతుంది, ఎండు ఏప్రికాట్లో, కలకండ పలుకో, నిన్నటి విందులో మూటకట్టి తెచ్చిన బోర్సోకులో. నూనెలో వేగిన ఆ పిండిముక్కల వాసన ఆమె సంచీలోంచి వస్తూనే ఉంది. గంటలో చెప్తామంది లోపలి అమ్మాయి. మా కొచ్కోర్ ఊరి ఆసుపత్రిలో గంటంటే టీ తాగినంతసేపూ కావచ్చు, గొర్రెను కోసి వండినంతసేపూ కావచ్చు. ఎంతైనా ఫరవాలేదు, ఫలితం నాకు తెలుసు. బాగుంటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఈ ఊరి ఆడపిల్లల్ని మంచుమీద పరిగెత్తించినదాన్ని, ఎవరి ఒంట్లో దమ్ముందో నడక చూసి చెప్పేదాన్ని, నా ఒళ్ళు నాకు తెలియదా? గొంతు ఎండి లేచి నీళ్ళకోసం తడుముకోవడం పోయింది, మెట్లెక్కితే కళ్ళు మసకబారడం పోయింది. కానీ నాకు తెలిస్తే సరిపోదు, కలిచా అక్కకి తెలియాలి. అందుకే వెంటబెట్టుకొచ్చాను. ఈ మూడు నెలల షుగరు సగటు ఏడుకి కింద ఉంటే నేను మింగుతున్న బిళ్ళే తనూ మింగుతానని వసంతంలో నౌరూజ్ పండగనాడు అందరి ముందూ రొట్టె మీద చెయ్యి పెట్టి అంది. ఏడు దాటితే ఇక ఆ బిళ్ళ ఊసెత్తనని నేనూ చెయ్యి పెట్టాను. రొట్టె మీద చెయ్యి పెట్టాక మాట తప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఆమె నాకు తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. నేను తెల్ల తలగుడ్డ కట్టుకుని ఆ ఇంటి గడపలో నిలబడ్డప్పుడు నా మొహానికి అడ్డంగా తెర పట్టుకున్నది ఆమే, తెర వెనకనుంచి నా జడ సర్దుతూ "వెన్ను నిటారుగా పెట్టు పిల్లా, నువ్వు తప్పు చేసి రాలేదు, పెళ్ళి చేసుకుని వచ్చావు" అన్నదీ ఆమే. ఆ మాట ఒక్కటి చాలు, జీవితాంతం ఆమెకి సేవ చెయ్యొచ్చు. చెయ్యనిస్తే కదా. ఎవరి మాటా వినదు. ఇప్పుడు చూడండి, ఆసుపత్రి గుమ్మంలో ఇచ్చిన నీలం ప్లాస్టిక్ తొడుగుల్ని గలోషుల మీద తొడుక్కోమంటే "బూటు మీద చెప్పు, చెప్పు మీద సంచీ, ఇంకేం తొడగాలి, గుర్రపు జీను తొడగనా?" అని అక్కడి అమ్మాయితో తగువు. మెత్తటి తోలుబూటు, దాని మీద రబ్బరు గలోషు, ముసలమ్మలందరమూ అంతే, ఇంట్లోకి వచ్చేటప్పుడు గలోషు విప్పుతాము, బూటు విప్పము. పోయిన నెల ఒక విందునుంచి ఆమె ఒక కాలికే గలోషు వేసుకుని ఇంటిదాకా నడిచి వచ్చింది. రెండోది ఎక్కడో జారిపోయింది, ఆమెకు తెలియలేదు. అందరూ నవ్వారు, ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది. నేను నవ్వలేదు. బురదలో తడిసి ముద్దయిన కాలు తడిసిందని తెలియకపోవడం నవ్వే సంగతి కాదు. షుగరు ముందు తీపిగా వస్తుంది, తర్వాత కాలివేళ్ళ దగ్గర కూర్చుంటుంది. మా మామగారి విషయంలో చూశాము.

మామగారి పేరు నేను చెప్పను. నోటితోనే కాదు, మనసులో కూడా అనుకోను, అలవాటైపోయింది. కోడలు మామగారి పేరు పలకకూడదు, బావల పేర్లు పలకకూడదు, ఆ పేర్లలో ఏ వస్తువైనా దాగి ఉంటే ఆ వస్తువు పేరూ పలకకూడదు. ఒక బావగారి పేరులో రాయి ఉంది, అందుకని నా లోకంలో రాయి లేదు, 'గట్టిది' ఉంది. ఇంకో బావగారి పేరులో తేనె ఉంది, కాబట్టి నేను అంగడిలో 'ఈగల బెల్లం' అడిగేదాన్ని. బళ్ళో పిల్లల్ని పరిగెత్తించేటప్పుడు "దారిలో గట్టివి ఉన్నాయి, చూసుకోండర్రా" అని అరిస్తే ఊరంతా నవ్వేది, ఇప్పటికీ నా శిష్యులు కొందరు రాయిని గట్టిది అనే అంటారు, వాళ్ళ బావలెవరికీ ఆ పేరు లేకపోయినా. ఈ చదువంతా నాకు చెప్పింది కలిచా అక్కే. పాలు పితుకుతూ చెప్పేది, ఎవరికి ఏ మారుపేరో. ఒకరోజు విసుగొచ్చి ఇదంతా ఎందుకక్కా అని అడిగితే "ఏమైందే ఇప్పుడు? పేరు మార్చి పిలిస్తే మామ మారిపోతాడా? ఆయన ఆయనే. మన నోరే మర్యాదగా మారుతుంది" అంది. మామగారి పేరుకి మా భాషలో అండ అని అర్థం. మేమిద్దరమూ ఆయన్ని గుమ్మటం తాత అనేవాళ్ళం, డేరా పైకప్పు మొత్తాన్ని మోసే గుండ్రటి చట్రం ఉంటుంది చూడండి, అది. పిలిస్తే పలికేవాడు. పేరు మారిందని ఏనాడూ ఆయన చిన్నబోలేదు.

చిన్నబోయింది మందుల విషయంలో మేమే. అంతకుముందు నేను వాడింది జర్మనీ బిళ్ళ. వాడింది అంటే ఏమిటో చెప్పాలి. లారీ నడిపే మా అన్న కొడుకు అటు వెళ్ళినప్పుడల్లా రెండు పెట్టెలు తెచ్చేవాడు, ఒకటి నాకు, ఒకటి కలిచా అక్కకి. దళసరి తెల్లటి పెట్టె, మెరిసే అక్షరాలు, లోపల మడతపెట్టిన కాగితం, ఆ కాగితం కూడా మంచి వాసనేసేది. అలాంటి వస్తువుని ఏం చేస్తాం? బట్టల పెట్టెలో దాస్తాం. బంగారు అంచు పింగాణీ గిన్నెలు, పట్టు బొంతలు, కోడలు తెచ్చిన శాలువా, వాటి మధ్యలో జర్మనీ బిళ్ళలు. మంచి వస్తువు చుట్టాలకోసం, మనకి రోజువారీకి ఏదో ఒకటి. విందుకి వెళ్ళే రోజు పొద్దున్న ఒక బిళ్ళ వేసుకునేదాన్ని, ఇక ఆ రోజు గొర్రెతోక కొవ్వు తిన్నా, పళ్ళ జామ్ తిన్నా, ఈగల బెల్లం తిన్నా ఆ బిళ్ళే చూసుకుంటుందని ధైర్యం. ఒకసారి తలాస్ నుంచి మా ఆయన స్నేహితుడు వచ్చాడు. ఆయనకీ షుగరు ఉందని తెలిసి నేను పెట్టె తెరిచి, బంగారు అంచు సాసర్లో ఒక బిళ్ళ పెట్టి, టీతోపాటు రెండు చేతులా అందించాను. ఆయన రెండు చేతులా తీసుకుని "జర్మనీదా!" అని కళ్ళకద్దుకుని మింగి, మా ఇంటిని దీవించి వెళ్ళాడు. ఇంతకన్నా మర్యాద ఏముంటుంది? ఈ సంగతి విని మా డాక్టరు ఐజాదా బల్లమీద తల పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అప్పుడు నా సగటు తొమ్మిది దాటింది.

ఐజాదా నా శిష్యురాలే. స్కీ చెక్కల మీద నిలబడలేక రోజూ ఏడ్చేది, పడేది, లేచేది, మళ్ళీ ఏడ్చేది, కానీ ఒక్కరోజు మానలేదు. అలాంటి పిల్లలే డాక్టర్లవుతారు. "టీచర్‌గారూ, మీరు మందు తినట్లేదు, మందుని కాపలా కాస్తున్నారు" అంది. జర్మనీ సంగతి వదిలెయ్యండి, అదే మందు ఇప్పుడు మన వైపే చేస్తున్నారు, రోజుకి రెండు, విందున్నా లేకపోయినా, తిన్నాక మింగండి అంది. మన వైపు చేసింది జర్మనీదానికి సాటొస్తుందా అని నేనూ అన్నాను, అనకుండా ఉంటానా, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. "ముందు కనిపెట్టినవాళ్ళకి కొన్నేళ్ళు హక్కుంటుంది, అది తీరిపోయాక ఎవరైనా చెయ్యొచ్చు, పరీక్ష పెట్టి సరిగ్గా ఉంటేనే అమ్మనిస్తారు. మీ అత్తగారి రొట్టె మీరు కాలిస్తే అది రొట్టె కాకుండా పోయిందా టీచర్‌గారూ?" అంది. అత్తగారి రొట్టెకంటే నా రొట్టె బాగుంటుందని మా ఆయనే చాలాసార్లు అన్నాడు, గుసగుసగా. నాకు నచ్చజెప్పేశావు పిల్లా, పేరు రాసియ్యి అన్నాను. రాసిచ్చింది. చదివాను. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అండ. అంటే, అండ అని కాదు, ఆ అసలు మాట. ఆ కార్ఖానావాళ్ళు మందుకి మన మాట పెట్టుకుందామని ముచ్చటపడి, వెతికి వెతికి మా మామగారి పేరు పెట్టారు.

మందుల కొట్లో పెరిజాత్ అని ఓష్ నుంచి వచ్చిన పిల్ల. వెనక వరసలో పదిమంది. ఆ పేరు నోటికి రాదు, డాక్టరు రాసిచ్చింది ఇంట్లో మర్చిపోయాను, సరే, మా పద్ధతిలోనే దగ్గర మాట ఒకటి చూసుకుని "సాయం ఇవ్వమ్మా" అన్నాను. ఇచ్చింది. నిజంగానే ఆ పేరుతో ఒకటి ఉంది. తెరిస్తే ఆకు. జర్మనీవాళ్ళు బిళ్ళ చేస్తే మనవాళ్ళు ఆకు చేశారు కాబోలనుకుని, రోజుకి రెండుసార్లు, తిన్నాక, నిష్ఠగా కాచుకుని తాగాను. అది మలబద్ధకానికి ఇచ్చే ఆకట. సాయం చేసింది, కాదనను. రెండు రోజులు పెరడు దాటి బయటికి రాలేదు. మూడో రోజు వెళ్ళి పోట్లాట పెట్టుకుంటే పెరిజాత్ ముందు బిత్తరపోయి, తర్వాత నా తలగుడ్డ వైపు చూసి "ఆ... మీ మామగారి పేరా పిన్నీ? ఆ ముక్క ముందు చెప్పొద్దూ, మా ఇంట్లో నేను ఉప్పుని ఉప్పనను" అంది. అప్పట్నుంచి నన్ను చూడగానే పెట్టె తీసి, పేరున్న వైపు కిందికి పెట్టి ఇస్తుంది. బుద్ధిమంతురాలు. పలచటి అట్టపెట్టె, మెరుపులు లేవు, పట్టుబొంతల మధ్య దాచుకోవాలని ఎవరికీ అనిపించదు. అదే దాని గొప్పతనం. పొయ్యి పక్కన, ఉప్పుడబ్బా పక్కన పెట్టాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మొదటి వారం కడుపులో కాస్త గుడగుడలాడింది, నేనూ కాస్త గట్టిగా మాట్లాడాను, ఊరుకుంది.

కలిచా అక్క దగ్గర మాత్రం ఆ గట్టితనం చెల్లలేదు. బిళ్ళ పేరు చూపించాను. ఆమె చదివి పెట్టెను బోర్లించింది. "ఏమే సోనున్, మామగారిని నీళ్ళతో మింగమంటావా నన్ను?" పేరు మారిస్తే మామ మారడని నువ్వేగా అన్నావు, మరి మందు మాత్రం పేరు మారిస్తే ఎలా మారుతుంది, లోపలుంది అదే అని నేను. "అది వేరు." ఎందుకు వేరక్కా? "వేరంటే వేరే." కాసేపు టీ ఊదుకుని, మెల్లిగా, నా మొహం చూడకుండా అంది: "షుగరుతో పోయిన మనిషి పేరు షుగరు మందుకి పెట్టారు. మింగినవాళ్ళు ఎటు పోతారో నువ్వే చెప్పు."  ఆ మాట అనే హక్కు ఆమెకుంది, మామగారి కాలు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది ఆమె. మామగారికి ముందు ఒక వేలు తీశారు, తర్వాత మోకాలి కింద దాకా. మతం ప్రకారం దాన్ని మట్టిచెయ్యాలి కదా, నరీన్ ఆసుపత్రిలో కంబళిలో చుట్టి ఇస్తే, లారీ ముందు సీట్లో కూర్చుని, కనుమ దాటేదాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆమె భర్త, మా బావగారు, బండి నడుపుతున్నాడు.  మామగారి కాలు మామగారికంటే ముందే శ్మశానానికి వెళ్ళింది. మిగిలిన ఆయన ఇంకో రెండేళ్ళు గుర్రమెక్కి, ఒంటికాలితోనే మంద వెంట తిరిగి, తర్వాత వెళ్ళాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే పందెం వేశాను. మాటలతో గెలవలేనప్పుడు పరిగెత్తి చూపించాలి, బళ్ళో నేను నేర్పిందంతా అదే.

కిటికీలోంచి పోప్లర్ చెట్ల దూది ఎగిరొస్తోంది. వీధిలో లారీ వెళ్తోంది, డేరా కర్రలు, ఇనప పొయ్యి, పైన కట్టేసిన కుక్క, కర్రల మీద ఇద్దరు ఆడవాళ్ళు గాలికి తలగుడ్డలు పట్టుకుని నవ్వుకుంటూ. పచ్చికబయళ్ళకి. మేమూ ఎల్లుండి కదులుతాము. అక్క ఆ లారీ మలుపు తిరిగేదాకా చూసింది. "త్వరగా పోదామే. పైన గాలి తగిలితే అన్నీ అవే తగ్గుతాయి" అంది. అన్నీ అంటే ఏవక్కా అన్నాను. "మోకాళ్ళు" అంది. గుర్రప్పాలు, కొండగాలి, పచ్చిక మీద నడక, నిజమే, నాకూ ఇష్టమే, కానీ పైన ఆసుపత్రి లేదు, దగ్గరి డేరాకి వెళ్ళాలన్నా గుర్రమెక్కాలి. నౌరూజ్ తర్వాత నుంచి ఆమె పైకెక్కడం గురించే మాట్లాడుతోంది, కొండమీద ఇంకా మంచు కరగకముందే మూటలు కట్టింది. ఎదుటి బెంచీ మీద ఒక కుర్రతల్లి చంటిదాన్ని ఆడిస్తోంది, గోడమీద పళ్ళు తోముకోండి అని బొమ్మ, ఆ బొమ్మలో పళ్ళు మరీ తెల్లగా, ఎవరివో జర్మనీ పళ్ళలాగా. ఒకవేళ ఏడు దాటితే? దాటదు. దాటితే మాట ప్రకారం నోరు మూసుకోవాలి, ఆమె పెట్టెలో ఆ మెరుపు పెట్టె అలాగే ఉంటుంది, విందులప్పుడు ఒక్కొక్కటీ తగ్గుతుంది, ఆ కాళ్ళు ఇంకా ఇంకా... దాటదు.  దాటదని చెప్పానా? పిల్లలకి అదే చెప్పేదాన్ని, గీత దాటేదాకా గీత వైపే చూడాలి, పక్కవాళ్ళని కాదు.

తలుపు తెరుచుకుంది. లోపలి అమ్మాయి బయటికి తల పెట్టి, నా పేరు పిలిచి, అందరికీ వినపడేలా "ఆరు పాయింట్ ఎనిమిది" అంది, బస్సు నంబరు చెప్పినట్టు.

తెలుసునని చెప్పాను కదా. అయినా కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఎందుకొచ్చాయో. దూది తీసి జేబులో వేసుకుని అక్క వైపు తిరిగాను. గెలిచినప్పుడు ఎగరకూడదని కూడా పిల్లలకి నేనే చెప్పాను.

"ఏడుకి కిందేనా?" అంది.

"కిందే అక్కా."

"ఆ బిళ్ళ తప్ప ఇంకేం మింగలేదు కదా? దొంగతనంగా జర్మనీది?"

"నీ మీదొట్టు."

అక్క సంచీ నా ఒళ్ళో పెట్టింది. వంగింది. నీలం తొడుగు పీకింది, గలోషు విప్పింది, తర్వాత తోలుబూటు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఇంత జనంలో, చుట్టాలింట్లో కూడా విప్పనిది. ఏదైనా గుచ్చుకుందేమోనని సాయం పట్టబోతే చెయ్యి తోసేసింది. బూటు వచ్చింది. ఉన్ని మేజోడు బొటనవేలి కింద అంటుకుపోయి ఉంది, దాన్ని నీళ్ళతో తడపకుండానే, మొహంలో ఒక్క గీత కదలకుండా, చర్రున లాగేసింది. నొప్పి తెలిసే కాలు కాదు. అరికాల్లో, బొటనవేలి మొదట్లో, గుండ్రటి పుండు, చుట్టూ తెల్లగా గట్టిపడిన చర్మం. బోర్సోకుల వాసన మధ్యలోంచి ఇంకో వాసన వచ్చింది. నాకు ఆ వాసన తెలుసు. ఎదుటి కుర్రతల్లి చంటిదాన్ని అటు తిప్పుకుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మంచు కరిగినప్పట్నుంచి."

"ఎందుకు చెప్పలేదే అక్కా? ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే కోసేస్తారు. నేను మోసుకొచ్చాను కదా ఒకటి, నాది ఎవరు మోసుకొస్తారు?" కాలు వైపే చూస్తూ అంది, ఎవరిదో కాలైనట్టు. "నీ లెక్క బాగుంటే చూపిద్దామనుకున్నా. బాగులేకపోతే ఎవరికీ చెప్పకుండా కొండెక్కేద్దామనుకున్నా. పైన ఎలాగూ బూటు విప్పమనేవాళ్ళు లేరు."

ఎల్లుండి. ఎల్లుండి లారీ ఎక్కేవాళ్ళం. ఈ ఒక్క గంట లేకపోతే, ఆ అంకె కాస్త అటైతే, నేను గొప్పగా కూర్చుని ఈమెని లారీలో డేరా కర్రలమీద ఎక్కించి తీసుకుపోయేదాన్ని.   ఆమె కాలిని శుభ్రమైన తలగుడ్డలో చుట్టాను, నా తలగుడ్డలోనే, జుట్టు బయటపడితే పడింది, ఆమె చెయ్యి నా మెడచుట్టూ వేసుకుని లేపాను. ఐజాదా గది ముందు పెద్ద వరస. "మా వంతు, మా వంతు" అని ఎవరో అన్నారు. బళ్ళో మైదానం ఆ చివరికి వినిపించే గొంతుతో "తప్పుకోండి!" అన్నాను. సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే, తప్పుకున్నారు.

ఐజాదా మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. చుట్టూ నొక్కింది, సన్నటి కడ్డీతో లోతు చూసింది, దీపం దగ్గరికి లాగింది. ఎంతసేపు చూసిందో. అక్క గోడ వైపు తిరిగి ఉంది, ఆమె చేతి వేళ్ళు నా మణికట్టు మీద గుర్తులు పడేలా బిగిసి ఉన్నాయి. "ఎముకదాకా పోలేదు" అంది చివరికి ఐజాదా. "పెద్దమ్మా, కొండెక్కడం ఈ ఏడు లేదు. ఇవాళ్నుంచి ఇక్కడే, రోజూ కట్టు, కొన్నాళ్ళు సూదులు, తర్వాత టీచర్‌గారు వేసుకునే బిళ్ళ, రోజుకి రెండు, విందున్నా లేకపోయినా. ఆ కాలు నేల మీద పెట్టకూడదు. మాట వింటే కాలు ఉంటుంది. వింటారా?"

పెళ్ళినాటి నుంచి చూస్తున్నాను, కలిచా అక్క అత్తగారి మాట వినలేదు, బావగారి మాట వినలేదు, ముల్లాగారి మాట వినలేదు, నా మాట అసలే వినలేదు. గోడ వైపు నుంచి తల తిప్పి, నేల మీద కూర్చున్న ఆ పిల్ల కళ్ళలోకి చూసింది.

"వింటాను" అంది.